‘ఉబ్బసం నరాల జబ్బే, పంపు మానెయ్యండి’ అన్న మెసేజ్‌కు నా జవాబు

పోయిన వారం కొర్లగుంటలో మా మేనత్త ఇంట్లో పడుకున్నాను. రాత్రి మూడు గంటలప్పుడు వంటింట్లో లైటు వెలిగింది. వెళ్లి చూస్తే అత్త పొయ్యిగట్టు మీద రెండు చేతులూ ఆన్చి, భుజాలు పైకెత్తి నిలబడి ఉంది. పిల్లికూతలు గుమ్మం దాకా వినబడుతున్నాయి. మాట రెండేసి ముక్కలుగా వస్తోంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం పంపు (ఇన్‌హేలర్) స్పేసర్‌కు తగిలించి ఇచ్చాను. కాస్త తేరుకున్నాక అడిగాను, “రోజూ పీల్చే పంపు ఏదత్తా?”

“నిలిపేసినా నాయనా. మూడు వారాలైంది. గ్రూపులో వచ్చింది చూళ్లేదా నువ్వు?”

చూశాను. ఊళ్లో చాలామంది ఫోన్లలో తిరుగుతోంది. దాని సారం ఇది: ఉబ్బసం ఊపిరితిత్తుల జబ్బు కాదు, నరాల జబ్బు. మెదడు పంపే సంకేతం వల్లే ఊపిరి గొట్టాలు బిగుస్తాయి. మనసు నెమ్మదిస్తే వేగస్ నరం నెమ్మదిస్తుంది, వాపు దానంతటదే పోతుంది. రోజూ పీల్చే స్టెరాయిడ్ పంపు నరాలను చచ్చుబరుస్తుంది కాబట్టి మానేసి, శ్వాస సాధన చేసి, అలిపిరి మెట్లెక్కండి.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఇందులో కొంత నిజం కలిసి ఉంది, అందుకే మా అత్తలాంటి వాళ్లు నమ్ముతున్నారు. ఒక్కో మాటా తీసుకుని చెబుతాను.

నరాల సంకేతంతో గొట్టాలు బిగుస్తాయన్నది నిజమే. మెదడు అడుగు నుంచి దిగే వేగస్ నరం కొనల దగ్గర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. గొట్టం చుట్టూ ఉన్న కండరం దానికి బిగుస్తుంది. రాత్రిపూట ఈ నరం జోరు పెరుగుతుంది, వాపును అణిచే కార్టిసాల్ తగ్గుతుంది. అత్తకు మూడు గంటలకే ఆయాసం రావడంలో వింతేమీ లేదు. అయితే ఇది డాక్టర్లు దాచిన రహస్యం కాదు. మన పెద్దవాళ్లు ఉబ్బసానికి ఉమ్మెత్త ఆకు పొగ పీల్చేవాళ్లు. ఆ అలవాటు మద్రాసు నుంచే 1802లో ఇంగ్లండుకు చేరింది. ఉమ్మెత్తలో ఉన్న అట్రోపిన్ అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. (ఉమ్మెత్త ప్రాణం తీసే విషం, దయచేసి ఎవరూ ప్రయత్నించకండి.) అదే పనిని భద్రంగా చేసే టియోట్రోపియం ఇప్పుడు పంపులోనే దొరుకుతుంది. నరాల మీద పనిచేసే మందు ఎప్పటినుంచో చీటీలోనే ఉంది.

ఊపిరితిత్తుల జబ్బు కాదన్నది మాత్రం శుద్ధ తప్పు. ఊపిరితిత్తుల మార్పిడిలో పాత నరాలు తెగిపోతాయి. 1993లో ఇంగ్లండు వైద్యులు ఒక సంగతి బయటపెట్టారు. ఉబ్బసం ఉన్న దాత ఊపిరితిత్తులు పెడితే, ఆ జబ్బు ఎన్నడూ లేనివాళ్లకు కూడా ఉబ్బసం వచ్చింది. ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచి ఊపిరితిత్తులు పెడితే మళ్లీ రాలేదు. చూసింది కొద్దిమందినే అయినా, జబ్బు ఊపిరితిత్తులతోపాటే వెళ్లింది.

ఇక అసలు మెలిక మూడో మాటలో ఉంది. మెసేజ్ ప్రకారం నరం ముందు, వాపు వెనక. నిజానికి రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. పోపులో ఎండుమిర్చి మాడితే ఇల్లంతా దగ్గుతుంది కదా. మిరపలోని క్యాప్సైసిన్ గొట్టాల్లోని నరాల కొనల్ని తాకుతుంది. ఆ కొనలు మెదడుకు కబురు పంపి ఊరుకోవు, అక్కడికక్కడే సబ్‌స్టెన్స్ పి లాంటి రసాయనాలు వదిలి వాపు తెప్పించగలవు. జంతువుల్లో దీన్ని స్పష్టంగా చూశారు. నరాలు వదిలే న్యూరోమెడిన్ యు అనే మరో రసాయనం అలర్జీ వాపును రేపుతుందని 2017లో ఎలుకల ఊపిరితిత్తుల్లో తేలింది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. వేగస్ నరం కొనలోనే ఒక బ్రేకు ఉంది, దాన్ని ఎం2 గ్రాహకం అంటారు. వదిలిన అసిటైల్‌కోలిన్ తిరిగి దాన్ని తాకగానే నరం ఇక చాలని ఆపుతుంది. ఉబ్బసంలో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు నరం చుట్టూ మూగి, మేజర్ బేసిక్ ప్రొటీన్ అనేదాన్ని వదులుతాయి. అది ఆ బ్రేకును పట్టేసుకుంటుంది. బ్రేకు పడని నరం ఇంకా ఇంకా వదులుతూనే ఉంటుంది. అంటే నరాన్ని రెచ్చగొడుతున్నదే వాపు. ఆ వాపు తగ్గించే పంపును పక్కన పెట్టించి నరం నెమ్మదించాలని చెప్పడం నాకు కడుపుమండే విషయం.

మనసు ప్రభావం లేదని నేననను. 1886లో ఒక అమెరికన్ వైద్యుడు కాగితపు గులాబీ చూపిస్తేనే ఒకామెకు గులాబీ అలర్జీ లక్షణాలు మొదలయ్యాయి. కానీ హాయిగా అనిపించడం వేరు, గొట్టం తెరుచుకోవడం వేరు. 2011లో అమెరికాలో ఉబ్బసం రోగుల మీద చేసిన పరీక్షలో, మందు ఉన్న పంపుతో 50 శాతం, మందు లేని ఉత్త పంపుతో 45 శాతం మెరుగుపడ్డామని రోగులే చెప్పారు. దాదాపు సమానం. ఊదించి కొలిస్తే మందు పంపుతో ఊదే గాలిలో 20 శాతం పెరుగుదల, ఉత్త పంపుతో 7 శాతం. ఏమీ ఇవ్వనప్పుడూ అంతే, 7. మా అత్త కూడా ఆ మూడు వారాలూ “బాగానే ఉంది” అనే చెప్పుకుంది.

స్టెరాయిడ్ పంపు నరాలను చచ్చుబరచదు. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, గొట్టాల్లో ఇసినోఫిల్స్‌ను తగ్గిస్తుంది. గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రావు. నీలం పంపు ఒక్కదానితో నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. దాంతో బిగుతు వదులుతుంది గానీ వాపు అలాగే ఉంటుంది.

శ్వాస సాధన మంచిదే, పంపుతోపాటు చేసుకోండి. అలిపిరి దారిలో 3550 మెట్లు. రాత్రుళ్లు పిల్లికూతలు వస్తున్నవాళ్లు డాక్టరుకు చూపించుకుని, జబ్బు అదుపులోకి వచ్చాకే ఎక్కండి, నీలం పంపు దగ్గర పెట్టుకుని.

అత్త తెల్లారాక డాక్టరు దగ్గరికి వచ్చింది, పంపు మళ్లీ మొదలుపెట్టింది. మెసేజ్ పంపిన చెల్లెలికి ఫోన్ చేసి, “నేను నిలిపేసినా, నువ్వు నిలపొద్దు” అని నా ముందే చెప్పింది. ఆ చెల్లెలు అప్పటికే పది రోజులుగా మానేసి ఉంది. ఆమె కోసమే ఇదంతా రాశాను.