పాత బండిని కాదు, పొగ వదిలే బండిని ఆపమన్నాం. మరి ఆ పొగను కొలిచేదెవరు?

ఇది ఢిల్లీలో పాత కార్లున్న వాళ్లందరికీ, నాతో సహా, చెప్పాల్సిన మాట. మాదీ 2014 డీజిల్ కారే. 2025 జులైలో బంకుల్లో కెమెరాలు పెట్టి, గడువు తీరిన బండ్లకు చుక్క డీజిల్ కూడా పోయొద్దన్నప్పుడు నాకూ ఒళ్లు మండింది. ఇప్పుడు అందరం గెలిచామని సంబరపడుతుంటే ఇంకా మండుతోంది.

మన ఊళ్లలో ఉన్నవాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. పదిహేనేళ్లు దాటిన ఏ బండీ ఢిల్లీ రోడ్డెక్కకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో అంది. 2015లో డీజిల్ బండ్లకు ఆ గడువును పదేళ్లకు కుదించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టూ దాన్నే ఖాయం చేసింది. తర్వాత ఏళ్ల తరబడి అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ గాలి నాణ్యత చూసే కేంద్ర కమిషన్ ఒక్కసారిగా నిద్రలేచి, జులై 1 నుంచి అలాంటి బండ్లకు ఇంధనం ఆపేయమంది. అప్పటి లెక్కల్లో అవి దాదాపు 62 లక్షలు. మూడో రోజుకే ఢిల్లీ ప్రభుత్వం ఇది మా వల్ల కాదని ఉత్తరం రాసింది. వారం తిరిగేసరికి కమిషన్ దాన్ని నవంబరుకు వాయిదా వేసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి ఓనర్ల మీద చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరు 17న దాన్ని సవరించి, ఆ రక్షణ బీఎస్-4, ఆపై బండ్లకే వర్తిస్తుందంది. బీఎస్ అంటే కొత్త బండి ఎంత పొగ వదలొచ్చో ప్రభుత్వం పెట్టిన కొలమానం, అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం. నాది బీఎస్-4. అలా గట్టెక్కింది.

జులైలో జనానికి వచ్చిన కోపం తప్పని నేను అనను. పదిహేనేళ్లకు రోడ్ ట్యాక్స్ ఒకేసారి కట్టించుకున్నారు. రిజిస్ట్రేషన్ కాగితం మీద పదిహేనేళ్లని రాసిచ్చారు. పదేళ్లకే ఇక నడపొద్దన్నారు. మిగిలిన ఐదేళ్ల ట్యాక్స్ తిరిగివ్వమని అడిగితే పలికే నాథుడు లేడు. 84 లక్షలు పెట్టి కొన్న మెర్సిడెస్‌ను ఒకాయన రెండున్నర లక్షలకు అమ్ముకున్నాడని టీవీలన్నీ రోజంతా చూపించాయి. ఆయన బాధ ఆయనది, కాదనను. కానీ ఆ 62 లక్షల్లో 40 లక్షలకు పైగా స్కూటర్లు, మోటార్ సైకిళ్లే. మా వీధిలో గీజర్లు బాగుచేసే అతను పనిముట్ల సంచీ ముందు పెట్టుకుని తిరిగేది పాత స్కూటర్ మీదే. అది ఆగితే ఆ రోజు కూలీ ఆగుతుంది. ఏ చానల్ కెమెరా కూడా అతని దగ్గరికి పోలేదు.

నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచింది ఇంకొకటి. బ్రిటన్‌లో 2030 తర్వాత కొత్త పెట్రోల్, డీజిల్ కార్లు అమ్మొద్దన్నారు. మధ్యలో అప్పటి ప్రధాని సునాక్ ఆ గడువును 2035కు జరిపారు, లేబర్ ప్రభుత్వం వచ్చి మళ్లీ 2030 అంది. అక్కడి కార్ల వాళ్లు దాని మీద ఎంత గోల చేసినా, ఇంటి ముందు ఉన్న కారును ఆపేస్తామని ఆ దేశం ఎవరికీ చెప్పలేదు. నార్వే అయితే ఏదీ నిషేధించలేదు. 1990ల నుంచి కరెంటు కార్లకు పన్నులు తీసేస్తూ, పెట్రోల్ కార్లకు వడ్డిస్తూ వచ్చింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది కరెంటువే. అంటే ఆ దేశాలు పట్టుకున్నది షోరూమ్‌ను. మనవాళ్లు పట్టుకున్నది కొనుక్కున్నవాణ్ణి. జులై 1న బంకులో నా బండికి డీజిల్ పోయరు, అదే రోజు అదే రోడ్డు మీద షోరూమ్‌లో కొత్త డీజిల్ ఎస్‌యూవీకి పూలదండ వేసి తాళాలు చేతికిస్తారు. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించారు కూడా. పెట్రోల్ కార్లు పోవాలనుకుంటున్నారా, పెరగాలనుకుంటున్నారా? ఒక్క మాట మీద నిలబడితే జనం దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకుంటారు. పైగా బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దానికి తయారవ్వని పాత బండి వాడికి మైలేజీ టెన్షన్ వేరే.

ఇంతవరకు నేను ఓనర్ల పక్షమే. నా పేచీ ఇక్కడి నుంచి.

జులైలో మనమంతా ఏమన్నాం? వయసు చూడొద్దు, పొగ చూడండి. పదేళ్లయినా బాగా చూసుకున్న బండి, ఐదేళ్లకే పాడుచేసిన బండికంటే నయం. మా దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. నేనూ ఇదే అన్నాను, ఇప్పటికీ అంటాను. వాదన బంగారం లాంటిది. కానీ అది నిలబడాలంటే ఆ సర్టిఫికెట్ నిజమైనదై ఉండాలి. అది ఎలా వస్తుందో ఢిల్లీలో బండి ఉన్న ప్రతివాడికీ తెలుసు.

బంకు మూలన ఒక రేకుల గది. లోపల పాత కంప్యూటర్, పక్కన పొగ కొలిచే మెషిన్. అసలైతే ఇంజన్ బాగా వేడెక్కాక, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కాలి. ఇంజన్ ఫుల్ స్పీడుకు వెళ్లాలి. అలా వరసగా కొన్నిసార్లు చేసి సగటు తీయాలి. డీజిల్ బండి దాచుకున్న నల్లపొగంతా ఆ తొక్కుడులోనే బయటికొస్తుంది. నేను పోయిన సెంటర్‌లో కుర్రాడు గొట్టం సగమే దూర్చాడు. పాదం ఆనీ ఆననట్టు పెట్టాడు. ఇంజన్ కాస్త గుర్రుమంది, అంతే. నంబర్ ప్లేటు ఫోటో తీశాడు, కాగితం చేతికొచ్చింది. "పూర్తిగా తొక్కు భయ్యా" అంటే, "ఎందుకు సార్, పాస్ అయిపోయిందిగా" అన్నాడు. వెనక లైన్లో హారన్లు. అక్కడున్న అందరికీ కావలసింది కాగితమే.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకోకండి. ఢిల్లీ వాహన కాలుష్యం మీద, సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదికను 2025 ఏప్రిల్‌లో అసెంబ్లీలో పెట్టారు. 2015 ఆగస్టు నుంచి 2020 ఆగస్టు వరకు లెక్కలు చూస్తే, పరిమితి దాటి విషం వదులుతున్నా పాసైపోయిన పెట్రోల్, గ్యాస్ బండ్లు 1.08 లక్షలు. డీజిల్ బండ్లలో 24 శాతానికి అసలు రీడింగే నమోదు చేయలేదు. ఒకే సెంటర్‌లో ఒకే సమయానికి ఒకటికి మించి బండ్లు పరీక్షించినట్టు చూపించిన కేసులు 7,643. మనం కోర్టులోనూ టీవీల్లోనూ ఎత్తి చూపించిన కాగితం ఇది.

పోనీ పరీక్ష నిజాయితీగా చేసినా, దానికి అందేది కొంతే. పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్‌కు పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. ఊపిరితిత్తుల అడుగుకు దిగిపోయే సన్నటి కణాల బరువును ఆ గదిలో ఎవరూ తూచరు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. ఢిల్లీ గాలిలో మనల్ని చంపుతున్నది ముఖ్యంగా ఆ కణాలే, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా గాలిలో కలిసి కణాలుగా మారతాయి. బీఎస్-4 డీజిల్ కారుకు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల కణాలు వదిలే అనుమతి ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్‌కు నాలుగున్నర మిల్లీగ్రాములే. నైట్రోజన్ ఆక్సైడ్లకైతే 250 నుంచి 80కి దించారు. కొత్త బండ్లకు ఫిల్టర్లు వచ్చాయి. నా బండికి అది లేదు. ఎంత బాగా సర్వీసింగ్ చేయించినా రాదు. ఈ సంగతి డిసెంబరులో కోర్టు మాటకు సంబరంగా లడ్డూల బొమ్మలు పెట్టిన మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో చెప్తే, "సార్, మీరు ఎవరి వైపు?" అన్నారు.

నేను మా చిన్నదాని వైపు. నవంబరు వచ్చిందంటే రాత్రి రెండింటికి నెబులైజర్ బయటికి తీస్తాం. మాస్కు ముక్కుకు ఆనించి పట్టుకుంటే, మందు అయిపోయేదాకా నిద్రలోనే నా చొక్కా గుండీ పట్టుకుని ఊపిరి లాగుతుంది. పొద్దున స్కూల్ ఉండదు, ఆన్‌లైన్ క్లాసు. పంట వ్యర్థాలు తగలబెట్టే పంజాబ్ రైతులదే తప్పంతా అని గ్రూపులో మళ్లీ మెసేజీలు మొదలవుతాయి. ఆ మంటలు కొన్ని వారాలే. మన బండ్లు ఏడాది పొడుగునా తిరుగుతాయి. రైతును తిట్టినంత తేలిగ్గా మన సైలెన్సర్ వైపు ఎందుకు చూడలేకపోతున్నాం?

డిసెంబరు 18 నుంచి ఢిల్లీలో పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే ఇంధనం లేదన్నారు. బయటి రాష్ట్రాల బీఎస్-6 కాని బండ్లను ఊళ్లోకి రానివ్వమన్నారు. వెంటనే ఆ రేకుల గదుల ముందు చాంతాడంత క్యూలు. నిబంధన మంచిదే. కానీ అంత క్యూ ఉన్నప్పుడు ఆ కుర్రాడు ఒక్కో బండికి ఎంతసేపు కేటాయించగలడు? పరీక్షను బాగుచేయకుండా కాగితాన్ని తప్పనిసరి చేస్తే, గిరాకీ పెరిగేది కాగితానికే.

ఇక తెలుగువాళ్లం చూసుకోవాల్సిన సంగతి. జులై గొడవ జరుగుతుండగానే వరంగల్ నుంచి మా బావమరిది ఫోన్. "బావా, ఢిల్లీలో ఇన్నోవాలు చవగ్గా వస్తున్నాయట కదా, మనకొకటి చూసిపెట్టు. ఎన్‌ఓసీ తీసుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టుకుంటా." వాడి తప్పేం లేదు. వాడి సంపాదనకు కొత్త బండి అందదు, పాత బండి ఢిల్లీ బయట నడపడం చట్టప్రకారం ఒప్పే. మిగతా దేశంలో పదిహేనేళ్లకు ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అందుకే ఢిల్లీ వద్దన్న డీజిల్ హైదరాబాద్‌కు, వరంగల్‌కు, విజయవాడకు లారీలెక్కి వస్తోంది. ఢిల్లీ ఊపిరి పీల్చుకోవడం కోసం ఇంకో ఊరి పిల్లలు దగ్గాలా? "వద్దురా, బీఎస్-6 సెకండ్ హ్యాండ్ పెట్రోల్ ఏదైనా ఉంటే చూస్తా" అన్నాను. అలిగాడు.

హైదరాబాద్‌లో కూడా ఇదే కథ మొదలవుతోంది. అవుటర్ రింగ్ రోడ్డు లోపల డీజిల్ ఆటోలు వద్దని సర్కారు అంటోంది. కేంద్రం స్కీములో ఆ ఊరికి 2,000 కరెంటు బస్సులు కేటాయించారు. 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణలో కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. నాకిది ఢిల్లీ పద్ధతి కంటే ఎన్నో రెట్లు నచ్చింది, ఉన్న బండిని గుంజుకోకుండా కొత్తగా కొనేవాడిని మళ్లిస్తోంది కాబట్టి. అయితే సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి ఒప్పుకోని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఉన్నంతకాలం, ఆ రాయితీ అందేది సొంతిల్లు, సొంత గేటు ఉన్నవాళ్లకే. మీరు కార్ల ఓనర్లుగా గొంతెత్తాలనుకుంటే ముందు దీని మీద ఎత్తండి. గడువు ఏదో ఒకటే చెప్పి మాట మార్చొద్దని అడగండి. ఆ గడువు తర్వాత డీజిల్ అమ్మే షోరూమ్‌ను ఆపమని అడగండి, నిన్న కొన్నవాణ్ణి కాదు. కట్టించుకున్న ట్యాక్స్‌లో మిగిలిన ఏళ్లది తిరిగివ్వమనండి. స్క్రాప్‌కు ఇస్తే కొత్త బండి రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం వరకు తగ్గించే వీలు 2022 నుంచే ఉంది, దాన్ని ఆ గీజర్ అతని స్కూటర్‌కు సరిపోయేలా పెంచమనండి. రోడ్డు పక్కన పరికరం పెట్టి, పోతున్న బండి పొగను పోతుండగానే కొలిచే పద్ధతి ఉంది. ఐసీసీటీ అనే సంస్థ ఢిల్లీ, గురుగ్రామ్‌లలో అలాగే లక్షకు పైగా రీడింగులు తీసి, 2024లో నివేదిక బయటపెట్టింది. పాత బండ్లే కాదు, శుభ్రమనుకున్న సీఎన్‌జీ కమర్షియల్ బండ్లు కూడా నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి మించి వదులుతున్నాయని అందులో తేలింది. పొగ చూడండి అని నిజంగా అన్నవాళ్లమైతే, ఆ పరికరాలను ప్రతి ఫ్లైఓవర్ కిందా పెట్టమని మనమే పట్టుబట్టాలి.

వచ్చే నెల నా సర్టిఫికెట్ గడువు అయిపోతుంది. ఈసారి సెంటర్‌లో డ్రైవర్ సీట్లో నేనే కూర్చుంటాను, యాక్సిలరేటర్ చివరిదాకా నేనే తొక్కుతాను, స్క్రీన్ మీద పడ్డ అంకె ఉన్నదున్నట్టు ఇక్కడ పెడతాను. ఫెయిలైతే మన ఊరికి పంపను, ఎవరికీ అమ్మను. స్క్రాప్‌కే ఇస్తాను.