తిమింగలాన్ని వినిర్మించే విధానం

హెర్మన్ మెల్విల్ తిమింగలం వేట నవల ‘మోబీ డిక్’ను ఆధునికోత్తర సిద్ధాంతంతో, అంటే ఏ పాఠానికీ స్థిరమైన ఒక్క అర్థం ఉండదనే వాదంతో, పరిశీలించదలచిన వారికి మొదటి జాగ్రత్త: నవల చదవకండి. 135 అధ్యాయాలు, ఆపైన ఉపసంహారం అని కాదు. చదివితే మనం మోసుకెళ్లిన సరుకంతా ఆయన 1851లోనే వాడేసుకున్నాడని బయటపడుతుంది.

పాఠాంతర సంబంధాల మీద, అంటే ఒక పుస్తకంలో ఇతర పుస్తకాలు పలకడం మీద, ఓ పది పేజీలు రాద్దామా? కథ మొదలవకముందే తిమింగలాల మీద పాత పుస్తకాల్లోని ముక్కలు పేజీలకు పేజీలు పరిచి ఉన్నాయి. ఏరిపెట్టినవాడు సబ్-సబ్ లైబ్రేరియనట! పోనీ, వర్గీకరణలన్నీ కట్టుకథలే అందామా? 32వ అధ్యాయంలో తిమింగలాలను ఫోలియో, ఆక్టేవో, డ్యూడెసిమో అంటూ పుస్తకాల సైజుల్లో విడగొట్టి, ఇదంతా చిత్తుప్రతికి చిత్తుప్రతి అని చేతులు దులుపుకున్నాడు. పుస్తకానికి అర్థం తేల్చే హక్కు రచయితది కాదంటూ ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1967లో రచయిత మరణాన్ని ప్రకటించాడు. అంతకు 116 ఏళ్ల ముందే లండన్ ముద్రణలో, కథకుడు బతికి బయటపడ్డాడని చెప్పే ఉపసంహారం ఎగిరిపోయి, అతనే ఓడతో మునిగాడు. మరి కథ చెప్పిందెవరని అక్కడి సమీక్షకులు నిలదీశారు కూడా. దీన్ని ఫుట్‌నోట్‌లోకి తోసేయండి.

పాఠానికి బయట ఏమీ లేదన్న, వినిర్మాణ పద్ధతికి ఆద్యుడైన ఫ్రెంచి తాత్వికుడు డెరిడా మాట వాడేటప్పుడు కొంచెం చూసుకోవాలి. 1820 నవంబరులో పసిఫిక్‌లో ఈ నవలకు ప్రేరణైన ఎసెక్స్ అనే వేట ఓడను నిజం తిమింగలమే గుద్ది ముంచింది. అది పాఠానికి లోపలిదా బయటిదా అని తేల్చే తీరిక లేక ఓడవాళ్లు పడవలెక్కారు.

99వ అధ్యాయం జోలికి మాత్రం అసలు పోకూడదు. ఓడ కెప్టెన్ ఏహబ్ తెరచాప స్తంభానికి మేకుతో కొట్టిన ఈక్వడార్ బంగారు నాణెం దగ్గరికి ఓడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ తమ అర్థం చెప్పుకుపోతారు. ఏహబ్‌కు అందులోని బురుజు, అగ్నిపర్వతం, కోడిపుంజు అన్నీ తానే. అతని కింది అధికారి స్టార్‌బక్‌కు క్రైస్తవ త్రిత్వం కనిపిస్తుంది. రెండో అధికారి స్టబ్ పంచాంగం తెచ్చి రాశులు చదువుతాడు. చివరికి ఓడలోని కుర్రాడు, పిచ్చి పిప్ వచ్చి నేను చూస్తాను, నువ్వు చూస్తావు, అతను చూస్తాడు అని బడిపిల్లల వ్యాకరణం వల్లిస్తాడు. సెమినారు మొత్తం అయిపోయింది, టీ కూడా ఇవ్వకుండా.

అయినా నిరాశ వద్దు, మూడో అధికారి ఫ్లాస్క్ ఉన్నాడు. అతనికి ఆ నాణెం 16 డాలర్లు, అంతే. చుట్ట రెండు సెంట్లు కాబట్టి 960 చుట్టలొస్తాయని లెక్క కడతాడు. 1600 సెంట్లకు వచ్చేవి 800. మామూలు పాఠకుడు లెక్క తప్పిందంటాడు. మీరు అనకూడదు. ఆ అదనపు 160 చుట్టలూ సూచకం, అంటే అర్థాన్ని మోసే గుర్తు, పట్టలేక పొర్లిపోయిన అర్థం. పేపరు వాటి మీదే రాయండి. మిగతా 134 అధ్యాయాల సంగతి ఎవరూ అడగరు.