అప్పిచ్చువాడు, ఆధిపత్యం

యుద్ధనౌకలు పంపి ఇతర దేశాలను లోబరచుకునే మొరటు పద్ధతి స్థానంలో సిమెంటును ప్రవేశపెట్టినందుకు ప్రపంచం చైనాకు రుణపడి ఉంది. కొన్ని దేశాలైతే వడ్డీతో సహా.

2013లో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ కజకిస్తాన్‌లో భూమార్గపు పట్టుదారిని, ఇండోనేషియాలో సముద్రపు పట్టుదారిని ప్రకటించారు. దేశంలో మిగిలిపోతున్న ఉక్కు, సిమెంటు, పనికోసం చూస్తున్న కాంట్రాక్టర్లు, బ్యాంకుల్లో మూలుగుతున్న డబ్బు, అన్నింటినీ ఒకేసారి ఓడెక్కించి, అప్పులిచ్చి ఇతర దేశాల్లో రోడ్లు, రేవులు కట్టే 'బెల్ట్ అండ్ రోడ్' పథకమిది. దీన్నే పరోపకారం అంటారు.

శ్రీలంకలోని హంబన్‌టోటనే తీసుకోండి. అక్కడ చైనా అప్పుతో రేవు కావాలని పట్టుబట్టింది బీజింగ్ కాదు, కొలంబో. అది అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లా మరి. దగ్గర్లోనే ఆయన పేరుతో విమానాశ్రయం కూడా వెలిసింది. విమానాలకే ఎందుకో దారి తెలియలేదు. 2017లో రేవును చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చి శ్రీలంక 112 కోట్ల డాలర్లు పుచ్చుకుంది. దాంతో చైనా అప్పు తీరిపోయిందనుకునేరు! ఆ డబ్బు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది, అప్పు అలాగే ఉంది. 2022లో దేశం దివాలా తీశాక లెక్క చూస్తే, విదేశీ అప్పులో అతిపెద్ద వాటా అంతర్జాతీయ బాండ్లదే. కానీ బాండ్లు కొన్నవాళ్లు రేవుకు నౌకలు పంపరు కదా. ఆ ఆగస్టులో హంబన్‌టోటకు ఉపగ్రహాలు, క్షిపణుల జాడ పట్టే చైనా నౌక యువాన్ వాంగ్ 5 వచ్చింది. పరిశోధన నౌకట. ఢిల్లీ అనవసరంగా టెన్షన్ పడింది.

గ్రీస్ కథ ఇంకా ముచ్చటైనది. ఆస్తులమ్మి అప్పు తీర్చమని ఐరోపా రుణదాతలే దాని మెడమీద కూర్చున్నారు. బుద్ధిగా 2016లో పిరేయస్ రేవులో మెజారిటీ వాటాను చైనా కంపెనీ కాస్కోకు అమ్మింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితిలో చైనా మానవ హక్కులపై ఐరోపా సమాఖ్య చేయబోయిన ప్రకటనకు అదే గ్రీస్ అడ్డుపడింది. కాకతాళీయం!

ఇదంతా చూశాక సంపన్న దేశాలకు ఆఫ్రికా రోడ్ల గుంతలు హఠాత్తుగా కనిపించాయి. 2022లో జీ7 కూటమి పేద దేశాల్లో రోడ్లు, రేవుల వంటివాటికి 60 వేల కోట్ల డాలర్లు సమీకరిస్తామంది. అంతకుముందే ఐరోపా సమాఖ్య 30 వేల కోట్ల యూరోల మాట చెప్పింది. 2023 సెప్టెంబరులో జీ20 వేళ ఢిల్లీలో మనమూ అరేబియా, ఇజ్రాయెల్ మీదుగా ఐరోపా దాకా ఒక వాణిజ్య కారిడార్ గీశాం. నెల తిరక్కుండానే గాజాలో యుద్ధం మొదలైంది. కారిడార్‌కేం ఢోకా లేదు, మ్యాపు మీద భద్రంగా ఉంది.