ఫార్మాట్ కొట్టే ముందు ఎర్రర్ కోడ్ చదవండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ఏ కంప్యూటర్ షాపుకైనా వెళ్లి, 'కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయింది, అప్పట్నుంచీ అప్‌డేట్ ఎక్కడం లేదు' అని చెప్పి చూడండి. సీపీయూ బల్ల మీద పెట్టకముందే 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో ఇచ్చేస్తాం' అంటారు. ఈ అలవాటు పోవాలి.

ఫార్మాట్ అంటే డ్రైవ్ చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం. దాంతో పోయేది విండోస్ ఒక్కటే కాదు. మనవాళ్లు దాచుకునేదంతా డెస్క్‌టాప్ మీదే ఉంటుంది, అంటే సీ డ్రైవ్‌లోనే. నెట్ సెంటర్ అయితే వేలిముద్రల మెషిన్ నడవడానికి కావాల్సిన ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ ఎక్కించుకోవాలి. డీటీపీ షాపు అయితే తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు మళ్లీ వేసుకోవాలి. గంట పని అన్నది రెండు రోజుల టెన్షన్ అవుతుంది.

అసలు లోపల జరిగేది వేరు. విండోస్ తన సిస్టమ్ ఫైళ్ల మంచి కాపీలను విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఆ నిల్వే దెబ్బతినొచ్చు. అప్పుడు ప్రతి అప్‌డేటూ కొంతదూరం వెళ్లి, చేసిన మార్పులను రద్దు చేసుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఎర్రర్ కోడ్ చివర 80073712 అని ఉంటే దానర్థం ఇదే, నిల్వ పాడైందని. తెర మీద రోగం పేరు రాసి ఉన్నా చదవరు!

కాస్త తెలిసినవాళ్లు, పాడైన సిస్టమ్ ఫైళ్లను వెతికి సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ నడుపుతారు. 'కొన్ని ఫైళ్లు బాగుచేయలేకపోయాం' అని రాగానే చేతులెత్తేస్తారు. ఎస్ఎఫ్‌సీ మంచి ఫైలు తెచ్చుకునేది ఆ నిల్వలోంచే కదా, అదే పాడైతే ఎక్కణ్నుంచి తెస్తుంది? ముందు విండోస్‌లోనే ఉండే డీఐఎస్ఎం అనే టూల్‌తో రిస్టోర్‌హెల్త్ కమాండ్ నడపాలి. అది మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి మంచి ఫైళ్లు తెచ్చి నిల్వను సరిచేస్తుంది. ఎస్ఎఫ్‌సీ ఆ తర్వాతే. డీఐఎస్ఎం తరచూ 62.3 శాతం దగ్గర కదలకుండా నిలబడిపోతుంది. చాలామంది అక్కడే విండో మూసేస్తారు. మూయకండి, చాలాసార్లు అది పని చేస్తూనే ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు డేటా కాపీ చేసుకుని డిస్క్ చెక్ చేయాలి. డిస్కే పోతుంటే ఏ రిపేరూ నిలవదు. డౌన్‌లోడ్ సగంలో చెడిపోతే అప్‌డేట్ సర్వీస్ ఆపి, దించుకున్న అప్‌డేట్లు ఉండే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చితే విండోస్ కొత్తది తయారుచేసుకుంటుంది. ఇవేవీ కుదరకపోతే అదే వెర్షన్ విండోస్ ఇన్‌స్టాల్ ఫైళ్లన్నీ ఉండే ఐఎస్ఓ ఫైలు తెరిచి, విండోస్ నడుస్తుండగానే సెటప్ కొట్టి, ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచమని ఎంచుకోవచ్చు. విండోస్ కొత్తగా పడుతుంది, మీ సామాను మీకుంటుంది.

షాపువాళ్ల మాటా వినాలి. పూట పట్టే రిపేరుకు కస్టమర్ ఫార్మాట్ డబ్బులే ఇస్తానంటాడు. నిజమే. అయితే చార్జీ పెంచండి. డేటా దక్కుతుందని చెబితే ఇచ్చేవాళ్లున్నారు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో కూలబడ్డాయి. విమానాలు ఆగాయి. అప్పుడు చెప్పిన మందు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడం. కారణం వెతికారు కాబట్టే అంత చిన్న మందు దొరికింది.

మన చదువుల్లో లేనిది ఈ వెతుకులాటే. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది. కోడింగ్ వచ్చిన పిల్లలకు మన దగ్గర కొదవ లేదు. పాడైన సిస్టమ్ ముందు కూర్చుని అప్‌డేట్లు, రిపేర్ల వివరాలు విండోస్ రాసుకునే సీబీఎస్ లాగ్ తెరిచి, ఏ ఫైలు దగ్గర ఆగిందో చూడగలిగేవాళ్లు ఎందరు? ఐటీఐల్లో దీన్ని ఒక పూర్తి ప్రాక్టికల్‌గా పెట్టాలి. ఉద్దానం కుర్రాడు ఊరు వదలకుండా బతకగలిగే పని ఇది. గ్రామ సచివాలయాల కంప్యూటర్ల సర్వీసు ఒప్పందాల్లోనూ ఒక షరతు రాయాలి: ఎర్రర్ కోడ్, డేటా కాపీ తీసిన రుజువు రసీదుకు జతచేయకుండా ఎవరూ ఫార్మాట్ కొట్టకూడదు.