సవరణ: నాన్నగారి స్మృతి వ్యాసంలో దొర్లిన పొరపాట్లు

మా నాన్నగారిని స్మరించుకుంటూ నేను ఇటీవల రాసిన వ్యాసంలో కొన్ని తప్పులు దొర్లాయి. మొదటిది అమ్మను నొప్పించింది. వారి దాంపత్యం 40 ఏళ్లదని రాశాను, అది 46 ఏళ్లు. మంచం పట్టిన ఆయనకు తాను రోజూ పేపరు చదివి వినిపించిన ఆ చివరి ఆరేళ్లే నా లెక్కలో జారిపోయాయని అమ్మ అన్నది.

ఆయన కళ్లను ఇద్దరికి అమర్చారని రాయడం రెండవ తప్పు. నేత్రదానంలో చూపు కోసం ఇతరులకు అమర్చేది కంటిని మొత్తంగా కాదు, దాని ముందు భాగంలో పారదర్శకంగా ఉండే కార్నియాను మాత్రమే. అందుచేత అది కార్నియా దెబ్బతిని చూపు కోల్పోయినవారికే ఉపయోగపడుతుంది తప్ప, రెటీనా లేదా దృష్టి నాడి పాడైనవారికి కాదు. శుక్లాల శస్త్రచికిత్స అయిన కళ్లు దానానికి పనికిరావేమోనని మేము వెనకాడిన సంగతి రాశాను గానీ, ఆ అనుమానం తప్పని చెప్పడం మరిచాను. శుక్లాలకు తీసేది కార్నియా వెనుకనున్న లెన్సును గనుక అది అడ్డు కాదు.

నిజానికి ఈ పొరపాటును బయటపెట్టింది, ఆయన కళ్లద్దాలు తుడిచే పని తనదేనని చెప్పుకొనే చిన్న మనుమరాలు. ‘తాతయ్య కళ్లద్దాలు కూడా వాళ్లకే ఇచ్చేశారా?’ అని అడిగింది.