కామెర్ల దండకు నోబెల్ ఎప్పుడు?

“కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు.”

మా సరిహద్దు జిల్లాల్లో ఈ మాట వినకుండా పెరిగిన మనిషి లేడు. ఇచ్ఛాపురం దాటి బరంపురంలో దిగినా, పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళ్ళినా, ఇంకా పైకి గుణుపురం, రాయగడ దాకా పోయినా, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే మనవాళ్ళు రెండు భాషల్లోనూ తడుముకోకుండా చెప్పే వైద్య సత్యం ఇదొక్కటే. చదువు లేనివాళ్ళు అంటే సరే అనుకోవచ్చు. మొన్న నా ఎదురుగా అన్నది మందుల షాపు ఓనరు. గ్యాసుకీ, గుండెకీ, నిద్రకీ మాత్రలు అమ్ముకునే మనిషి, కళ్ళు పచ్చబడ్డ కుర్రాడు కౌంటరు దగ్గరికొస్తే “దీనికి మా దగ్గర మందు ఉండదు నాయనా, వెళ్ళి దండ వేయించుకో” అని పంపేశాడు. సొంత వ్యాపారం గురించి ఇంత వినయంగా మాట్లాడే వర్తకుణ్ణి నేనెక్కడా చూడలేదు. కుర్రాడు గుమ్మం దిగుతుంటే వెనక్కి పిలిచి ఒక లివర్ టానిక్ మాత్రం చేతిలో పెట్టాడు. వినయానికైనా హద్దుండాలి కదా.

దండ సంగతి మన పాఠకులకు చెప్పక్కర్లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనవల కోసం చెబుతున్నాను. పచ్చి కాడల్ని చిన్న చిన్న ముక్కలు చేసి, దారంతో ముడులేసి, ఇంతే ఇంత చుట్టగా అల్లి, మంత్రించి తల మీద పెడతారు. పూటపూటకూ అది పొడుగవుతుంది. తల మీంచి మెడకు, మెడ నుంచి బొడ్డుకు దిగుతుంది. ఎంత పొడుగైతే అంత కామెర్లు లాగేసినట్టు. దానితో తృప్తి పడనివాళ్ళకు చేతులు కడిగే కార్యక్రమం ఉంది. సున్నపు నీళ్ళలో చేతులు రుద్దుతుంటే ఒంట్లోని కామెర్లు పసుపుపచ్చగా పళ్ళెంలోకి దిగుతాయి. మామిడి బెరడు రసం పూసిన చెయ్యి సున్నపు నీళ్ళలో ముంచితే కామెర్లు లేనివాడి చేతి నుంచి కూడా అదే రంగు దిగుతుందని అక్కడ ఎవరూ అనరు. అంటే మర్యాదగా ఉండదు. ఆపైన చేతికి వాత, ముక్కులో పసరు, పథ్యం. పథ్యంలో పసుపు నిషేధం. పసుపు పచ్చగా ఉంటుంది కాబట్టి. ఈ లెక్కన రక్తం పోయినవాడు టమాటా ముట్టకూడదు.

ఫలితాలు మాత్రం అద్భుతం. దండ వేసుకున్నవాళ్ళలో చాలామంది నిజంగానే లేచి తిరుగుతారు. మన ఊళ్ళలో వానాకాలం ఇంటింటికీ తిరిగే కామెర్లు సాధారణంగా హెపటైటిస్ ఎ గానీ, ఇ గానీ. ఈ రెండు వైరస్‌లూ మురుగు కలిసిన నీళ్ళతో నోట్లోకి పోతాయి, కొన్ని వారాలు కాలేయాన్ని వాచేలా చేస్తాయి, ఎక్కువమందిలో మందూ మాకూ లేకుండానే తగ్గిపోతాయి. అలా తగ్గినదానికి దండ పేరు రాసుకోవడం ఎలాంటిదంటే, బరంపురం ప్లాట్‌ఫారం మీద నిలబడి, విశాఖ ఎక్స్‌ప్రెస్ కదులుతుండగా చెయ్యి ఊపి, రైలును నేనే పంపించాను అని చెప్పుకోవడం లాంటిది. చెయ్యి ఊపకపోతే రైలు కదులుతుందా లేదా అని చూడ్డానికే పరిశోధకులు కంట్రోల్ గ్రూపు అని ఒకటి పెట్టుకుంటారు. మనకు ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు.

అసలు ఈ ఇంగ్లీషు వైద్యుల పిచ్చి చూడండి. 1868లో జర్మనీలో కుస్‌మాల్ అనే డాక్టరుకు బతికున్న మనిషి కడుపులోకి తొంగిచూడాలనిపించింది. ఆ ఇనప గొట్టం ఎవరు మింగుతారు? కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించాడు. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ గాజునారలతో వంగే ఎండోస్కోపు తయారుచేసి, గారడీవాణ్ణి వెతికే ఓపిక కూడా లేక ముందు తన గొంతులోనే దించుకున్నాడు. బలాయన్ అనే రష్యా డాక్టరు మరీ దారుణం. అఫ్ఘానిస్తాన్‌లో కామెర్లు వచ్చిన రోగుల మలం నుంచి తీసిన ద్రవం తాగాడు. హెపటైటిస్ ఎ ఆయనకు అంతకుముందే వచ్చిపోయింది, మళ్ళీ రాదు. కనుక ఇప్పుడు కామెర్లు వస్తే అది వేరే వైరస్ అని లెక్క. వచ్చాయి. తన మలంలోనే ఆ వైరస్ కణాల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పట్టుకుని 1983లో ప్రచురించాడు. ఇప్పుడు మనం హెపటైటిస్ ఇ అంటున్నది అదే. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను పెంచి తాగేశాడు. వాంతులయ్యాయి. ఎండోస్కోపీ చేయించుకుంటే కడుపు పొర వాచి కనబడింది. కడుపులో పుండుకు కారణం టెన్షనూ కారమూ అని నమ్మిన ప్రపంచం మీద గెలవడానికి ఆయనకు 2005 దాకా పట్టింది. ఆ ఏడాది రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

మన వైద్యులు ఇలాంటి అఘాయిత్యాలు చేయరు. కామెర్లు కోరి తెచ్చుకుని, దండ వేసుకుని చూపించినవాడు ఒక్కడూ లేడు. దండ ఉండగా పరీక్ష దండగ.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు చెయ్యెత్తుతారు. “ఇంగ్లీషు వాళ్ళు మన ఆకుల్ని పట్టించుకోరండీ, మందుల కంపెనీల కుట్ర.” పట్టించుకున్నారు సార్. పసరులో నూరే నేల ఉసిరినే పట్టించుకున్నారు. 1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్ళకు నెలరోజులు నేల ఉసిరి పొడి ఇచ్చింది. ఇంకో గుంపుకు అలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చింది. నేల ఉసిరి తిన్నవాళ్ళలో 59 శాతం మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది, రెండో గుంపులో 4 శాతం మందికే. కుట్ర చేయాల్సిన ఇంగ్లీషు వైద్యుల పత్రిక లాన్సెటే దాన్ని అచ్చేసింది. వ్యాసం రాసినవాళ్ళలో హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్న బ్లూంబర్గ్ కూడా ఉన్నాడు. ఒక ఆకుకు ఇంతకంటే ఏం గౌరవం కావాలి? ఆ తర్వాత వేరే దేశాల్లో, వేరే చోట్ల మళ్ళీ మళ్ళీ ఇచ్చి చూశారు. ఆ గుణం కనబడలేదు. 2011లో ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా నమ్మదగ్గ ఆధారం లేదంది. మన ఆకు పరీక్షకు కూర్చుంది, మొదటిసారి క్లాసులో ఫస్టు వచ్చింది, మళ్ళీ పెడితే తప్పింది. నాకు ఆ ఆకు మీద గౌరవమే. పరీక్షకు కూర్చుంది కాబట్టి.

దండకు మాత్రం ఆ అవకాశం ఎందుకివ్వకూడదని మా ఊరి టీకొట్టు దగ్గర ఒక క్లినికల్ ట్రయల్ నిర్వహించాం. ట్రయల్స్ వివరాలు రాసుకునే జాతీయ రిజిస్టరు సీటీఆర్‌ఐలో నమోదు చేయలేదు. మన దేశంలో ఏ ట్రయలైనా మొదలుపెట్టకముందే అక్కడ నమోదు చేయాలని 2009 నుంచి రూలుంది. ఓడిపోయిన ట్రయల్‌ను గుట్టుగా పాతిపెట్టకుండా ఆ రూలు పెట్టారు. మాకు ఓడిపోయే ఉద్దేశం లేదు కనుక మాకది వర్తించదని ఎథిక్స్ కమిటీ ఛైర్మన్, రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు తేల్చేశారు. ఒకేచోట, ఒకే రేటుకు కొన్న మూడు దండలు. ఒకటి మందుల షాపుకొచ్చిన ఆ పచ్చకళ్ళ కుర్రాడికి, ఒకటి టీకొట్టు అప్పమ్మ మేకకు, ఒకటి కరెంటు స్తంభానికి. కుర్రాడు సంతకం పెట్టాడు. మేక తరఫున అప్పమ్మ వేలిముద్ర వేసింది. స్తంభం మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నాం. ఎవరికి ఏ వైద్యం జరుగుతోందో వాళ్ళకు తెలియకూడదన్న నియమాన్ని స్తంభం అందరికంటే బాగా పాటించింది.

పొద్దున్నే టైలరు టేపు తెచ్చి కొలిచేవాడు, కెమిస్ట్రీ లెక్చరరుగారు నోటుబుక్కులో ఎక్కించేవారు. అంతలో మేక తన దండను తినేసింది. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఇది ట్రయల్ మధ్యలో మానేసినట్టా, మందు ఎక్కువ మోతాదు తీసుకున్నట్టా? పై నుంచి వేసుకుంటేనే ఇంత గుణం చేసేది లోపలికి పోతే ఇంకెంత చేస్తుంది అని మేనేజరుగారి వాదన. మొదట ఏ గుంపులో వేశామో చివరిదాకా ఆ గుంపులోనే లెక్కించాలి అని పరిశోధకుల నియమం కూడా ఉందట, లెక్చరరుగారు ఎక్కడో చదివారు. మేక కళ్ళు పరీక్షించాం. తెల్లగా ఉన్నాయి. నయమైనట్టు రాశాం.

కుర్రాడి దండ బొడ్డు దాకా వచ్చింది. స్తంభం దండ అంతకు రెట్టింపు సాగింది. కమిటీ నోరు పెగల్లేదు. పచ్చికాడ ఎండి సన్నబడుతుంది, ముడి వదులవుతుంది, దండ జారుతుంది, స్తంభానికి ఎండ ఎక్కువ తగిలింది కనుక ఎక్కువ జారింది అని టైలరు కుర్రాడు అన్నాడు. వాడు పదో తరగతి తప్పాడు కాబట్టి వాడి మాట మినిట్సులో ఎక్కించలేదు. మేనేజరుగారు చాలాసేపు స్తంభం వైపే చూసి అన్నారు. “నాకు ముందు నుంచీ అనుమానమే. రాత్రిపూట దీని లైటు చూశారా, ఎంత పచ్చగా వెలిగేదో? దీనికి ముదిరిన కామెర్లు.” ఆ మధ్య ఎల్‌ఈడీ బల్బు పెట్టాక వెలుగు తెల్లబడిందన్నది కూడా ఆయన వాదనకే బలం. ముగ్గురికి ముగ్గురూ నయం. నూటికి నూరు శాతం. ఏ ఇంగ్లీషు మందుకుందండీ ఈ రికార్డు?

హెపటైటిస్ సి మాత్రలకు దగ్గర్లో ఉంది. ఎక్కువమందికి పన్నెండు వారాలు వేసుకుంటే చాలు, నూటికి తొంభై అయిదుగురికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. హెపటైటిస్ బికి టీకా ఉంది, పుట్టిన రోజే వేస్తారు. “కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు” అనే పెద్దమనిషి ఈ రెంటిలో ఒక్కటీ వినలేదు, వినే తీరికా లేదు, చెరుకు రసం తెమ్మని మనవణ్ణి బజారుకు పంపే హడావుడిలో ఉంటాడు. కామెర్లకు చెరుకు రసం మంచిదట. బండి దగ్గర, ఈగల మధ్య, ఐసు ముక్కలేసి. ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారంటే, ఏ నీళ్ళు తాగి రోగికి కామెర్లు వచ్చాయో వాటితోనే.

కళ్ళు పచ్చబడటం జబ్బు కాదు, లోపల ఏదో జబ్బుందని గుర్తు. ఆ ఏదో ఏమిటో కనుక్కోకుండా దండ వేస్తే ఎలా? పైత్యరస నాళంలో రాయి అడ్డుపడ్డ ముసలాయన ఉంటాడు. ఒళ్ళంతా దురద, మలం సున్నం రంగు, చలిజ్వరం. గొంతులోంచి ఎండోస్కోపు దించి, నాళం మూతి చిన్నగా కోసి, పొట్ట కోయకుండా రాయి లాగేసే పద్ధతి 1974 నుంచి ఉంది. ఈఆర్‌సీపీ అంటారు. మా వైపు అలాంటి ముసలాళ్ళు ఆ బల్ల ఎక్కే ముందు దండ సాగేదాకా ఆగుతారు. ఈలోపు నాళంలో చీము పట్టి రక్తంలోకి పాకుతుంది. రాయికి మంత్రం వినబడదు, మేనేజరుగారూ.

కడుపుతో ఉన్న పిల్లకు దండ వేస్తారు చూడండి, అక్కడ నాకు నవ్వు రావడం లేదు. హెపటైటిస్ ఇ చాలామందిని వదిలేస్తుంది గానీ నెలలు నిండుతున్న గర్భిణిని వదలదు. చివరి మూడు నెలల్లో వస్తే నూటికి ఇరవై నుంచి ఇరవై అయిదుగురు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది నిన్న మొన్న తెలిసింది కాదు. 1978లో కాశ్మీరులో కామెర్లు ఊళ్ళకు ఊళ్ళను చుట్టేసినప్పుడు డాక్టర్ ఖురూ ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాసి, గర్భిణులే ఎక్కువగా పోతున్నారని చూపించాడు. అంత లెక్క కళ్ళ ముందుండగా, ఎనిమిదో నెల పిల్లను మంచం మీద కూర్చోబెట్టి, పసుపు లేని చప్పిడి కూడు పెట్టి, వాంతులు వస్తే “విషం పోతోంది” అని, మగతగా పడుకుంటే “మందు పనిచేస్తోంది” అని, మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాక అప్పుడు బండి కట్టించి విశాఖ తీసుకెళ్ళే ఇళ్ళు ఉన్నాయి. చదువుకున్న ఇళ్ళు. కారున్న ఇళ్ళు. కార్లోనే తీసుకెళ్ళి దండ వేయించిన ఇళ్ళు. తిరిగొచ్చాక వాళ్ళు చెప్పే మాట, “దాని రాత అంతే.” దండ ఓడిపోయిందని ఎవరూ రాసుకోరు. చనిపోయినవాళ్ళు ఫాలో-అప్‌కు రారు కదా, అందుకే మన వైద్యానికి ఇన్ని మార్కులు.

ఈ వైరస్ మన నోట్లోకి వస్తున్న దారి మాత్రం మా వీధి చివర ఎవరైనా చూడొచ్చు. తాగేనీళ్ళ పైపు మురుగు కాలవలోంచే పోతుంది, జాయింటు దగ్గర పగిలి ఉంటుంది, కుళాయి రాని గంటల్లో పైపు మురుగును లోపలికి పీల్చుకుంటుంది. 1955లో ఢిల్లీలో యమున దారి మారి నగర మురుగు మంచినీళ్ళలోకి ఎక్కితే 29 వేలమందికి పైగా కామెర్లు వచ్చాయి. ఆ లెక్కలు మన వైద్య పుస్తకాల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. పాఠం చదివినవాళ్ళు ఇంజనీర్లు కాలేదు, ఇంజనీర్లు ఆ పాఠం చదవలేదు. చైనాలో లక్ష మందికి పైగా మనుషుల మీద ట్రయల్ చేసి హెపటైటిస్ ఇకి టీకా తెచ్చుకుని 2011లో అనుమతి ఇచ్చుకున్నారు. మనం పైపు జాయింటుకు సైకిల్ ట్యూబు చుట్టుకున్నాం. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదు చేస్తే చూస్తాం అంటారు. పోయినేడూ చూశారు. ఈసారి అర్జీ బదులు ఒక దండ అల్లించి ఆ ఆఫీసు గేటుకు వేద్దామనుకుంటున్నాను. లోపలున్న జబ్బు ఎంత ముదిరిందో టైలరు టేపు పెట్టి కొలుస్తాడు. ఇనప గేటుకు పనిచేస్తుందా అని అనుమానం అక్కర్లేదు, స్తంభం మీద రుజువైంది.