12 మీటర్ల లోతు కన్నా నడుములోతు నీళ్లే ముఖ్యం

సెలవుల్లో సరదాగా ఒకసారి స్కూబా డైవింగ్ చేసి చూద్దామనుకునేవారు ఎక్కడైనా అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఈత రాకపోయినా ఫర్వాలేదా? సొరచేపలుంటాయా? వీడియో తీసిస్తారా? మొదటిదానికి ఫర్వాలేదంటారు, రెండోదానికి నవ్వేస్తారు, మూడోదానికి రేటు చెబుతారు. కాసేపటికల్లా ఒంటిమీద వెట్‌సూట్, వీపున సిలిండర్, నడుముకు సీసం దిమ్మల బెల్టు వచ్చేస్తాయి. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరికీ గుర్తు రాదు: మధ్యలో వద్దనిపిస్తే ఏం చేయాలి?

మొదటి డైవ్ భద్రంగా సాగుతుందా లేదా అన్నది సముద్రం కన్నా ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే సెలవు ట్రిప్పులో వద్దని చెప్పడం చాలా కష్టం. డబ్బు ముందే కట్టేసి ఉంటారు. పక్కన స్నేహితులో, పెళ్లయిన కొత్తలో జీవిత భాగస్వామో ఉంటారు. బోటు బయల్దేరిపోయి ఉంటుంది. మళ్లీ ఇంత దూరం ఎప్పుడొస్తామో తెలియదు. భయమేస్తోందని చెబితే నలుగురిలో చిన్నబోతామన్న మొహమాటం సరేసరి. రోజూ నీళ్లలో ఉండే డైవర్ ఎంతో తేలిగ్గా “ఇవాళ నాకు బాగాలేదు, దిగను” అనేస్తాడు. మొదటిసారి వచ్చినవారికే ఆ మాట నోట రాదు. ఆ మాట అవసరం పడేదేమో వాళ్లకే.

అసలు వాళ్లు కొనుక్కునేదేమిటో చూద్దాం. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి, పీల్చినప్పుడు మాత్రమే, అదీ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలి అందించే రెగ్యులేటర్ తయారు చేశారు. దాంతో పైనుంచి గొట్టం, తలకు ఇత్తడి టోపీ లేకుండా మనిషి నీటి కింద స్వేచ్ఛగా తిరగడం సులువైంది. 1966లో అమెరికాలో మొదలైన పాడీ లాంటి శిక్షణ సంస్థలు దాన్ని సామాన్యుల సరదాగా మార్చాయి. ఆ సంస్థ నడిపే ‘డిస్కవర్ స్కూబా డైవింగ్’లో కనీస వయసు 10 ఏళ్లు, గరిష్ఠ లోతు 12 మీటర్లు. సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ వెంట నలుగురికి మించి కొత్తవాళ్లు ఉండకూడదు. మిగతా సంస్థలకూ ఇలాంటి కార్యక్రమాలే ఉన్నాయి. వీటికి ఐఎస్ఓ 11121 పేరిట అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది.

ఇది కోర్సు కాదు, అనుభవం. తేడా చిన్నదేమీ కాదు. కొన్ని రోజులు పట్టే ఓపెన్ వాటర్ కోర్సులో తనను తాను కాపాడుకోవడం నేర్పుతారు. ఒక్కపూట అనుభవంలో ఆ బాధ్యతంతా ఇన్‌స్ట్రక్టర్‌దే. నీటిలో తేలేందుకు తొడిగే జాకెట్‌లో గాలి నింపేదీ, తీసేదీ అతనే. సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చెప్పే మీ ప్రెజర్ గేజ్ చూసేదీ అతనే. చాలాచోట్ల సిలిండర్ మెడ పట్టుకుని మనిషిని అలా అలా తిప్పి తెస్తారు. దాన్ని చిన్నతనంగా భావించేవాళ్లుంటారు కానీ, నన్నడిగితే అదే సరైన పద్ధతి. నలుగురు అన్నది పైహద్దు మాత్రమే. అలలు, మసకనీళ్లు ఉన్నరోజు ఇద్దరైనా ఎక్కువే.

ఇక ఈత సంగతి. ఈత పరీక్ష లేకుండానే ఈ డైవ్ చేయించవచ్చన్నది నిజమే. జాకెట్ తేలుస్తుంది, కాళ్లకు తొడిగే ఫిన్స్ ముందుకు నెడతాయి. కానీ ఈత రాకపోవడం వేరు, ముఖం నీళ్లలో పెట్టడమంటేనే గుండె దడదడలాడటం వేరు. రెండోవారికి “ఏం కాదండీ, నేనున్నాగా” అన్న భరోసా ఒక్కటే చాలదు. ఒకటి రెండు రోజులు ముందుగా స్విమ్మింగ్ పూల్‌లోనో, స్నార్కెల్‌తోనో అలవాటు పడితే చాలా మార్పు ఉంటుంది. ఆ మాట ప్రకటనల్లో కనిపించదు.

అసలు విషయమంతా నడుములోతు నీళ్లలో ఉంది. అక్కడ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, రెగ్యులేటర్ నోట్లో పెట్టి, తల ముంచమంటారు. ముక్కును మాస్క్ మూసేస్తుంది కాబట్టి నోటితోనే పీల్చాలి, నోటితోనే వదలాలి. మొదటి రెండు మూడు శ్వాసలకు ఒళ్లు ఒప్పుకోదు. నీళ్లలో ఊపిరి పీల్చకూడదని పుట్టినప్పటి నుంచీ దానికి తెలిసిన సత్యం ఒకటుంది మరి. తర్వాత బుడగల గరగర శబ్దానికి చెవి అలవాటు పడుతుంది. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ రెగ్యులేటర్ నోట్లోంచి తీయమంటాడు. తీసి, పెదాల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. మళ్లీ పెట్టుకుని, గట్టిగా ఒకసారి ఊది లోపలి నీళ్లు బయటికి నెట్టి, అప్పుడు జాగ్రత్తగా పీల్చాలి. ఆ తర్వాత మాస్క్. అంచు కొద్దిగా ఎత్తితే నీళ్లు సర్రున దిగి కళ్ల కిందికి వస్తాయి. మాస్క్ పైఅంచును నుదుటికి అదిమిపట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కుతో ఊదితే ఆ నీళ్లు కింది నుంచి పోతాయి. అంతే. కానీ చాలామంది తడబడేది ఇక్కడే. ముక్కులోకి నీళ్లు రాగానే తల పైకెత్తి లేచి నిలబడతారు. నడుములోతులో లేచి నిలబడితే సాధారణంగా ఏమీ కాదు. 10 మీటర్ల కింద అదే పని చేస్తే ప్రమాదం.

ఎందుకు ప్రమాదమో తెలియాలంటే లెక్క ఒక్కటి చాలు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా 5 లీటర్ల గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి 10 లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు. పొరలు చిరిగి, గాలిబుడగలు రక్తంలో చేరి మెదడుకు వెళ్లవచ్చు. మీటరు, మీటరున్నర లోతు నుంచి ఊపిరి బిగబట్టి లేచినా ఇలా జరిగే అవకాశం ఉంది. అందుకే డైవింగ్‌లో మొదటి సూత్రం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. భయపడ్డ మనిషి చేసే మొదటి పని మాత్రం అదే. నోట్లో రెగ్యులేటర్ లేనప్పుడు కూడా బుడగలు వదలమనేది అందుకే. ఆ అభ్యాసాన్ని రెండు నిమిషాల్లో కానిచ్చేసి బోటెక్కించే సంస్థ ఎంత పేరున్నదైనా మంచిది కాదు.

జనం ఎక్కువగా భయపడేది వేరేదానికి. రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే ‘బెండ్స్’ గురించి విని ఉంటారు. 12 మీటర్ల దగ్గర మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగల సమయం పాడీ పట్టిక ప్రకారం 147 నిమిషాలు. సిలిండర్‌లో గాలి అంతసేపు రాదు. సాధారణంగా వాడే 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడి వరకు నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి అవుతుంది. కంగారులో ఉన్న కొత్తవారు నిమిషానికి 25 లీటర్లు పీల్చినా, 10 మీటర్ల దగ్గర అది 50 అవుతుంది. మిగులు ఉంచుకోగా అరగంట గడిస్తే గొప్ప. అన్నట్టు, ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. ఒత్తిడితో నింపి, తేమ తీసేసి ఉంటుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ అయితే ఆ లోతులో విషమై మూర్ఛలు తెప్పించగలదు.

చెవులు అందరినీ పరీక్షిస్తాయి. విచిత్రమేమిటంటే లోతుకు వెళ్లేకొద్దీ కాదు, మొదటి నాలుగైదు మీటర్లలోనే ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే ఒత్తిడిలో మార్పు నిష్పత్తి అక్కడే ఎక్కువ. చెవుల్లో ఒత్తిడి సర్దుకునేందుకు ముక్కు నొక్కి పట్టి మెల్లగా ఊదడం అందరికీ చెబుతారు. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే ఊదాలన్నది కొందరే చెబుతారు. చెవులు తెరుచుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే ఆ రోజుకు డైవ్ లేదు. “ఇంత దూరం వచ్చాం కదా” అని పళ్లబిగువున దిగితే కర్ణభేరి చిరగవచ్చు.

కంగారు విషయంలోనూ ఒళ్లు తప్పుదారి పట్టిస్తుంది. భయంతో గబగబా పైపై శ్వాసలు తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దాంతో గాలి చాలడం లేదన్న భావన పెరిగి ఇంకా గబగబా పీలుస్తారు. రెగ్యులేటర్ పాడైందనుకుంటారు. అది బాగానే ఉంటుంది. ఆగి, నిదానంగా పూర్తిగా వదిలితే సర్దుకుంటుంది. అలా వదలాలని నీటి కింద చెప్పేందుకు మాటలుండవు, సైగలే. ఇక్కడో తిరకాసు ఉంది. బొటనవేలు పైకెత్తితే ఒడ్డున “సూపర్” అని. నీటి కింద “పైకి వెళ్దాం” అని. అంతా బావుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. వీడియో కోసం ఉత్సాహంగా బొటనవేలు ఎత్తి, ఎందుకు పైకి తీసుకొచ్చేశారని బోటులో గొడవపడేవాళ్లు కూడా ఉంటారు. ఇన్‌స్ట్రక్టర్ చేసింది సరైనదే. ఎత్తిన వేలును సరదా అనుకుని వదిలేసే ఇన్‌స్ట్రక్టర్‌తోనే ప్రమాదం.

సముద్రం కన్నా ముందు కాగితం మీద ఒక పరీక్ష ఉంటుంది. ఆరోగ్య ప్రశ్నపత్రం. 2020లో సవరించిన అంతర్జాతీయ నమూనాలో మొదటి పేజీలో 10 ప్రశ్నలుంటాయి. ఊపిరితిత్తులు, గుండె, చెవులు, మూర్ఛలు, మానసిక సమస్యలు, 45 ఏళ్లు దాటాయా అన్నవి. కొన్ని జవాబులు ‘అవును’ అయితే డాక్టర్ సంతకం లేకుండా దిగకూడదు. జరిగేది మాత్రం, కౌంటర్ దగ్గర “అన్నింటికీ ‘లేదు’ అని టిక్ పెట్టేయండి సర్” అన్న సలహా. పెట్టేవాళ్లదీ తప్పే, చెప్పేవాళ్లదీ తప్పే. కానీ నేను చెప్పేవాళ్లనే ఎక్కువ తప్పుపడతాను. నీటిలో మునగగానే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండె మీద పని పెరుగుతుందని సెలవుకొచ్చిన మనిషికి ఎలా తెలుస్తుంది? వినోద డైవింగ్ మరణాల్లో గుండె సమస్యలది పెద్ద వాటా. చిన్నప్పుడు ఆస్తమా ఉండేదన్న మాటకు ఒడ్డున విలువ లేకపోవచ్చు, నీటి కింద ఉంది.

పిల్లల విషయంలో నాది కొంచెం పాతకాలపు అభిప్రాయం. 10 ఏళ్లకు అనుమతి ఉంది. కానీ అమ్మానాన్న సంతోషం కోసం “బాగానే ఉంది” అనే వయసు అది. వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప తీసుకెళ్లొద్దు.

ఇక సెలవు షెడ్యూల్. డైవ్‌ను చాలామంది చివరి రోజుకు పెట్టుకుంటారు. అది తప్పు. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది స్థిరపడిన మార్గదర్శకం, ఎందుకంటే విమానం లోపలి పీడనం ఎత్తైన కొండ మీద ఉన్నంత తక్కువగా ఉంటుంది, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టవచ్చు. కారులో ఘాట్ రోడ్డెక్కి ఎత్తైన చోటికి వెళ్లినా ఇదే చిక్కు. దిగే ముందురోజు రాత్రి మందు పార్టీ, నిద్రలేమి, తెల్లవారి జలుబుకు ఓ మాత్ర. ఈ చివరిదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మాత్ర ప్రభావంతో చెవులు తెరుచుకుని దిగిపోతారు. కింద ఉండగా ఆ ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు లోపలి గాలికి దారి ఉండదు. దిగేటప్పుడు నొప్పి వస్తే దిగడం మానేయొచ్చు, పైకి రావడం మానేయలేం కదా.

సంస్థ నిర్లక్ష్యం ఎంతదాకా పోగలదో చూపించే ఘటన 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర జరిగింది. డైవింగ్‌కు వెళ్లిన ఒక అమెరికన్ జంటను సముద్రంలోనే వదిలేసి బోటు ఒడ్డుకు వచ్చేసింది. తలలు సరిగ్గా లెక్కపెట్టలేదు. వాళ్ల సామాన్లు బోటులోనే ఉన్నాయని రెండు రోజుల తర్వాత గానీ గుర్తించలేదు. వాళ్లు దొరకలేదు. ఆ తర్వాతే అక్కడ తలలు లెక్కపెట్టే నిబంధనలు కఠినమయ్యాయి. వాళ్లు కొత్తవాళ్లు కూడా కాదు, అనుభవమున్న డైవర్లు. ఖరీదైన పరికరాలు ఎన్నున్నా, పేర్లు చదివి హాజరు వేసుకునే మనిషి లేని బోటు ఎక్కకూడదు.

ఇన్ని చెప్పాక ఎందుకు దిగాలి అంటే, దిగదగినదే కాబట్టి. బరువు పోతుంది. కొన్ని మీటర్ల కిందికే ఎరుపు రంగు మాయమై అంతా నీలం, ఆకుపచ్చ అవుతుంది. మాస్క్‌లోంచి చేపలు ఉన్నదానికన్నా దాదాపు మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి. ధ్వని నీటిలో గాలిలో కన్నా నాలుగు రెట్లు వేగంగా వస్తుంది, ఎటునుంచి వస్తోందో మాత్రం అంతుపట్టదు. ఫొటో కోసం పగడాల మీద కాలు మోపకుండా ఉంటే చాలు. వాటిలో దిబ్బల్లా పెరిగే రకాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే ఎక్కువ.

డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: నడుములోతు నీళ్లలో ప్రాక్టీసు చేశాక నేను వద్దంటే ఎంత వెనక్కిస్తారు? మొత్తమో, సగమో చెప్పేవాళ్లు మనుషులు వెనక్కి తగ్గుతారని ముందే లెక్క వేసుకున్నవాళ్లు. “అలా ఎవరూ అనరండీ” అని నవ్వేసేవాళ్ల దగ్గర అన్నవాళ్లు లేకకాదు, విన్నవాళ్లు లేక.